బర్కత్‌పురాలో వెండి నత్త

ఇంతకుముందు హైదరాబాద్ వెళ్తే పెళ్లి షాపింగ్‌కే వెళ్లేదాన్ని. ఈసారి మా పెద్దమ్మ కూతురు చేస్తున్న నగలు కళ్లారా చూడాలనే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. అక్క ఉండేది బర్కత్‌పురాలో. ఆమె పని మెటల్ క్లేతో, అంటే వెండి ముద్దతో.

1990ల మొదట్లో జపాన్‌లో వచ్చిన పదార్థం ఇది. అతి సన్నని వెండి పొడిలో జిగురు, నీళ్లు కలిపి తయారు చేస్తారు. కాల్చినప్పుడు జిగురు మాడిపోయి, వెండి రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. చివరికి మిగిలేది 99.9 శాతం స్వచ్ఛమైన వెండి. మూస లేదు, టంకం లేదు. కాకపోతే వెండి 961 డిగ్రీల దగ్గర కరుగుతుంది, వేడి అంతకు లోపే ఉండాలి.

అక్క మొదట్లో పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసేది. మెటల్ క్లే మొదలుపెట్టినప్పుడు అందరిలాగే ఆకులు చేసింది. ముద్ద మీద ఆకు నొక్కితే ఈనెలతో సహా అచ్చు పడుతుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు, చూడటానికి అంత బాగుంటుంది మరి. అక్కకి మాత్రం పాత బొమ్మల మీదే ధ్యాస. గొడుగు పట్టుకున్న పిల్లి, ముందు చక్రం పక్కకి తిప్పుకున్న ఆటో, వీపు మీద ఇరానీ చాయ్ కప్పు మోసే నత్త... ఇవన్నీ చెవులకీ మెడకీ ఎక్కాయి.

నత్త చెవిపోగుని నా ముందే చేసింది. చేతులకి నూనె రాసుకుని, రెండు పక్కలా పేకముక్కలు దొంతరగా పెట్టి వాటి మధ్య ముద్దని ఒత్తింది. ఎన్ని ముక్కలు పెడితే అంత మందం. కప్పు చెవిని నీళ్లలో కలిపిన అదే ముద్దతో అంటించింది. ఆరాక ఉప్పు కాగితంతో రుద్ది, రాలిన పొడిని కూడా డబ్బాలోకి ఎత్తింది.

"తడి ఉంటే ఆవిరి పట్టి పగిలిపోతుందే, తొందరపడకూడదు" అంది.

కాల్చితే రకాన్ని బట్టి 8 నుంచి 15 శాతం దాకా కుంచించుకుపోతుంది. ఉంగరమైతే ముందే పెద్దది చేయాలి. నవ్వు తెప్పించే బొమ్మ వెనక ఇంత లెక్క ఉందని అప్పుడే తెలిసింది. అక్క పనిలో నాకు బాగా నచ్చింది ఆ లెక్కే.

ఇటుక మీద పెట్టి గ్యాస్ టార్చ్ వెలిగించింది. చిన్న పొగ, ఒక మంట, తర్వాత నారింజ రంగు. చల్లారాక చూస్తే సున్నం పూసినట్టు తెల్లగా ఉంది! ఇత్తడి బ్రష్‌తో రుద్దితే ఆ తెలుపు కిందనుంచి వెండి మెరుపు తేలింది.

సాయంత్రం లాడ్ బజార్ వెళ్లాం. అక్కడ లక్కని బొగ్గుల మీద మెత్తబరిచి, వేడి తగ్గకముందే గాజుకి ఒక్కొక్క రాయీ అద్దుతున్నారు. 2024లో ఈ గాజులకి జీఐ ట్యాగ్, అంటే ఫలానా చోటి ప్రత్యేకత అని ఇచ్చే గుర్తింపు, కూడా వచ్చింది. అక్క నిలబడి వాళ్ల వేళ్లనే చూసింది. చిన్న ముక్కని వేలి ముద్ర పడకుండా అంటించడం ఇక్కడే నేర్చుకున్నానంది.

ఇంటికొచ్చాక ఉడికించిన కోడిగుడ్డు చిదిమి, నత్తతో పాటు డబ్బాలో పెట్టి మూసింది. గుడ్డులోని గంధకానికి గుల్ల గాడులు నల్లబడ్డాయి. పైపైన మెరుగుపెడితే చుట్లు చక్కగా తేలాయి.

"అక్కా, రెండో చెవిది ఎప్పుడు చేస్తావు?" అన్నాను.

"రేపు. దాని కప్పు ఖాళీగా ఉండాలి, అది చాయ్ తాగేసింది" అంది.