గ్యొంగ్జులో వెచ్చటి నేల

దసరాకి ఇంటికి వీడియో కాల్ చేసినప్పుడు మా అమ్మాయి ఫోన్ అందుకుని "తాతయ్యా, నువ్వు తిన్నావా?" అంది. మా మావయ్యగారు రిటైరైన తెలుగు మాస్టారు. చాలా ఇళ్ళల్లో తాతని నువ్వనే అంటారు, అదీ ముద్దే. మా అత్తారింట్లో మాత్రం ఆయన్ని అలా పిలిచినవాళ్ళు లేరు. ఆయన ఏమీ అనలేదు, నవ్వి "తిన్నానమ్మా" అన్నారు. పక్కనే ఉన్న మా వదిన మాత్రం "అక్కడి బళ్ళలో పెద్దాచిన్నా నేర్పరా?" అని అడిగింది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే కొరియాలో పిల్లలకి ముందు నేర్పేదే అది.

మేం సువొన్‌కి వచ్చి ఏడేళ్ళయింది. అమ్మాయికి తొమ్మిదేళ్ళు, ఇక్కడి బడిలోనే మూడో తరగతి. బాబుకి ఐదు. నవంబరులో మూడు రాత్రులకి గ్యొంగ్జు వెళ్ళాం. క్రీ.పూ. 57 నుంచి క్రీ.శ. 935 వరకు నిలిచిందని చెప్పే సిల్లా రాజ్యానికి రాజధాని అది. ఫాస్ట్ ట్రైన్ స్టేషన్ ఊరికి దూరం, అక్కడ దిగి మళ్ళీ సిటీ బస్సెక్కాలి. అందుకని సువొన్ నుంచి నేరుగా బస్సులోనే వెళ్ళాం. బస్టాండు ఊరి మధ్యలో ఉంది. పిల్లలతో సామాన్లతో వెళ్ళేవాళ్ళకి అదే సుఖం.

బస్టాండుకి నడిచేంత దూరంలో పాత లాడ్జి ఒకటి దొరికింది. రాత్రికి అరవై వేల వాన్లు, మన డబ్బుల్లో నాలుగు వేల లోపే. బుక్ చేసేటప్పుడు మంచాల గది కాకుండా ఓన్‌దొల్ గది అడిగాను. చిన్నపిల్లలున్న మనవాళ్ళందరికీ ఇదే చెబుతాను. మంచాల గదుల్లో నలుగురంటే చాలాచోట్ల అదనంగా అడుగుతారు, లేదా రెండు గదులు తీసుకోమంటారు. ఓన్‌దొల్ గదిలో మంచమే ఉండదు. గోడ బీరువాలో బొంతలూ రజాయిలూ మడతపెట్టి ఉంటాయి, రాత్రి పరుచుకుని పొద్దున్నే తీసి పెట్టేయడమే. నేల వెచ్చగా ఉంటుంది. పూర్వం వంటింటి పొయ్యి నుంచి వేడి, పొగ నేల రాళ్ళ కింద దారుల్లోంచి పోయేట్టు కట్టేవారట. ఇప్పుడు నేల కింద గొట్టాల్లో వేడినీళ్ళు తిరుగుతాయి. మా నలుగురం వరసగా పడుకుంటే వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి డాబా మీద పిల్లలమంతా పక్కలేసుకున్నట్టే అనిపించింది. చుక్కలే లేవు.

లాడ్జి నడిపేది డెబ్బై దాటిన పెద్దావిడ. ఒక్కతే ఉంటుంది. బాబు బాత్రూం చెప్పులతోనే గదిలోకి వచ్చేస్తే, ఆవిడ చూడకముందే అక్క వాడి కాళ్ళ నుంచి అవి లాగేసి, గుమ్మం దగ్గర తిప్పి సర్ది, తడి అడుగులు తన సాక్సుతో తుడిచేసింది. నేను చెప్పలేదు. అది బడి నేర్పింది.

మర్నాడు పొద్దున నేను కిందికి దిగేసరికి మా అమ్మాయి ఆవిడ ముందు వంగి దణ్ణం పెట్టి "హల్మొనీ, అన్‌న్యొంగి జుముషొస్సొయో?" అంటోంది. "నానమ్మగారూ, బాగా నిద్రపట్టిందాండీ" అన్నట్టు. నిద్రపోవడానికి మామూలు మాట వేరే ఉంది, పెద్దవాళ్ళకి 'జుముషిదా' అనాలి. ఆవిడ కమలాపండ్లు ఇస్తే రెండు చేతులూ చాచి తీసుకుంది. తర్వాత "జిన్‌జి దుషొస్సొయో?" అని, అంటే భోంచేశారా అని అడిగింది. అన్నాన్ని 'బాప్' అంటారు, పెద్దవాళ్ళు తినే అన్నాన్ని 'జిన్‌జి' అంటారు.

మెట్ల మీద నిలబడి వింటుంటే నాకు ఒక్కసారి వెలిగింది. దానికి మర్యాద తెలియక కాదు. తెలుగులో మర్యాద ఉందని తెలియదు. ఎక్కడ వింటుంది? మా ఇంట్లో ఉన్నది నలుగురం. నేను పిల్లల్ని నువ్వంటాను, ఆయన నన్ను నువ్వంటారు, నేనూ ఆయన్ని పేరు పెట్టే పిలుస్తాను. మీరు అనిపించుకునే పెద్దమనిషి మా కప్పు కింద ఒక్కరూ లేరు. మావయ్యగారితో ఆయన మాట్లాడేది ఆఫీసు నుంచి నడిచొచ్చేటప్పుడు, ఇయర్‌ఫోన్లో. దానికి వినబడిన తెలుగంతా నువ్వే.

ఆ రోజు దేరుంగ్వన్ చూశాం. ఊరి నడుమ పచ్చిక కప్పిన పెద్ద పెద్ద దిబ్బలు, సిల్లా రాజుల సమాధులు. నవంబరుకి గడ్డి గోధుమరంగు తిరిగి, చెట్లు పసుపూ ఎరుపూ అయి ఉన్నాయి. 1973లో తవ్విన చొన్‌మాచొంగ్ ఒక్కదానికే లోపలికి వెళ్ళే దారి ఉంది. అందులో బంగారు కిరీటం దొరికింది. భూర్జ చెట్టు బెరడు మీద గీసిన తెల్లటి గుర్రం బొమ్మా దొరికింది, ఆ గుర్రం వల్లే సమాధికి ఆ పేరు. దిబ్బల పక్కనే కాఫీ కొట్లు, సైకిలు అద్దెకిచ్చేవాళ్ళు, ఆరేసిన బట్టలు. ఊరు వాటిని చుట్టుకుని బతుకుతోంది.

"మనకీ ఇలాంటి కొండలున్నాయా?" అని అడిగింది అమ్మాయి. మాది సత్తెనపల్లి. అమరావతి స్తూపం దిబ్బని మావైపు దీపాలదిన్నె అనేవారని చెప్పాను. జమీందారు కాలంలో కట్టడాలకి రాళ్ళు తవ్వుకుపోయారు, మిగిలిన చెక్కడాల్లో చాలావరకు మద్రాసుకీ లండన్‌కీ చేరాయి, దిన్నె ఉన్నచోట ఇప్పుడు ముఖ్యంగా గుండ్రటి పీఠమే మిగిలింది. చెబుతుంటే గొంతు పట్టేసింది. "ఎవరూ వద్దనలేదా?" అంది. ఏం చెప్పను?

మర్నాడు బుల్‌గుక్సా వెళ్ళాం. 2023 నుంచి ఆ గుడికి టికెట్ లేదు. బస్సు దిగి కాస్త ఎత్తు ఎక్కాలి. నీలిమబ్బు వంతెన, తెల్లమబ్బు వంతెన అనే రాతి మెట్ల ముందు కూర్చుని పిల్లలకి కిమ్ దేసొంగ్ కథ చెప్పాను. పదమూడో శతాబ్దపు సంగుక్ యుసా అనే పుస్తకంలో ఉన్న కథ. పేదరాలి కొడుకు చిన్నవయసులోనే చనిపోయి, మంత్రిగారింట్లో మళ్ళీ పుట్టాడు. పుట్టినవాడు పాత తల్లిని మరిచిపోలేదు, ఆవిణ్ణీ ఆ ఇంటికే తెచ్చుకున్నారు. పెద్దయ్యాక ఈ జన్మ అమ్మానాన్నల కోసం బుల్‌గుక్సా, పోయిన జన్మవాళ్ళ కోసం కొండ మీద సొక్కురమ్ గుహాలయం కట్టించాడు. 751లో మొదలైన పని, 774లో అతను పోయాక పూర్తయింది.

"ఇద్దరమ్మల దగ్గరా ఎలా మాట్లాడేవాడు?" అంది అమ్మాయి.

"ఇద్దరితోనూ జొండేన్మల్లోనే," అన్నాను. జొండేన్మల్ అంటే గౌరవంగా మాట్లాడే పద్ధతి. స్నేహితులతో, చిన్నవాళ్ళతో మాట్లాడేది బన్‌మల్. "మన తెలుగులోనూ జొండేన్మల్ ఉంది, తెలుసా?"

నమ్మలేదు. కింద బస్టాపు దగ్గర బస్సు కోసం కూర్చున్నప్పుడు దాని స్కెచ్ బుక్కులో రాశాను. ఒకవైపు 'అన్నం తిన్నావా', ఎదురుగా 'భోంచేశారా'. 'వచ్చింది' పక్కన 'వచ్చారు'. 'ఇదిగో' పక్కన 'ఇదిగోండి'. కాసేపు చూసి, పెన్సిలు తీసుకుని, 'అన్నం' కింద కొరియన్ అక్షరాల్లో బాప్, 'భోజనం' కింద జిన్‌జి అని రాసింది. తర్వాత 'అండి' చుట్టూ గుండ్రంగా గీసి "ఇది 'యో'నే!" అని అరిచింది. కొరియన్‌లో మర్యాదకి వాక్యం చివర చేర్చే 'యో'. ఏడేళ్ళలో నేను చేయలేని పని, దాని రెండో భాషే దానికి చేసిపెట్టింది.

సాయంత్రం గదికి తిరిగొచ్చేసరికి చలి పెరిగింది. హ్వంగ్నం పాంగ్ డబ్బా తెరిచాం. పల్చటి గోధుమపిండి పొర లోపల ఎర్ర చిక్కుడు గింజల తీపి ముద్ద, ఈ ఊళ్ళో 1939 నుంచి చేస్తున్నారు. బాబు కొరికి చూసి "పూర్ణం!" అన్నాడు. రెండు పెద్దావిడకి ఇచ్చి వచ్చాం.

ఎనిమిదిన్నరకి ఫోన్ చేశాం, అక్కడ ఐదు. మావయ్యగారు అరుగు మీద టీ తాగుతున్నారు. అమ్మాయి స్కెచ్ బుక్ ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి పీల్చుకుని, "తాతయ్యా, మీరు భోంచేశారాండీ?" అంది.

ఆయన గ్లాసు కింద పెట్టారు. "మధ్యాహ్నమే భోంచేశాను తల్లీ. నువ్వు తిన్నావా?" అన్నారు. అది నా వైపు తిరిగి, "తాతయ్య నాతో బన్‌మల్ మాట్లాడారు, కదా?" అని గుసగుసగా అడిగింది. ఔనన్నాను.

"అక్కడ చలెక్కువేనా?" అని అడిగారు ఆయన. బాబు అక్క చేతిలోంచి ఫోన్ లాక్కుని, తెర కిందికి ఉండేట్టు నేలకి ఆనించి, రెండు చేతులతో నొక్కిపట్టుకున్నాడు.

"తెలుస్తోందా తాతయ్యా?"

"తెలుస్తోందిరా," అన్నారాయన నేల మీంచి. "వెచ్చగా ఉంది."