రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటూ మోషన్ మందు కొనబోతే... నా అనుభవం

నాకు గుండెలోని మైట్రల్ వాల్వు తీసి మెటల్ వాల్వు వేశారు. అప్పట్నుంచి రోజూ సాయంత్రం రక్తం పల్చబడే ఎసిట్రోమ్ మాత్ర, ఐఎన్ఆర్ (రక్తం ఎంత పల్చగా ఉందో చెప్పే టెస్టు అంకె) 2.5 నుంచి 3.5 మధ్య ఉండేలా చూసుకోవడం, ఆకుకూరలు ఎప్పుడూ ఒకే మోతాదులో తినడం. వీటితో పేచీ లేదు. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు మొదలుపెట్టాకే మోషన్ గట్టిపడి నరకం చూశాను. ముక్కితే రక్తం పడుతుంది. ఈ మాత్ర వేసుకునేవాళ్లకి అది ఓ పట్టాన ఆగదు.

మా వీధి మెడికల్ షాపుకి వెళ్లాను. సాయంత్రం వేళ, నిండా జనం. నేను మెల్లగా చెబితే కౌంటర్లో కుర్రాడు "ఏంటమ్మా, మోషన్ అవ్వట్లేదా? ఎన్ని రోజులైంది?" అని గట్టిగా అడిగాడు. పక్కనే మా అబ్బాయి స్కూలు మాస్టారు! సిగ్గుతో చచ్చిపోయాను. అయినా వదలకుండా, రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటున్నానని, దాంతోపాటు వాడొచ్చా అని అడిగాను. "అందరూ తాగేదేనమ్మా, ఏం కాదు" అంటూ తెల్లటి సిరప్ సీసా కవర్లో పడేశాడు.

అక్కడే నిలబడి లేబుల్ చదివాను. లిక్విడ్ పారాఫిన్ అని ఉంది. అది నూనె లాంటిది. రోజుల తరబడి తాగితే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కె ఒంటికి సరిగా పట్టదు, ఐఎన్ఆర్ పెరిగి రక్తం మరీ పల్చబడే ప్రమాదం ఉంది. డిశ్చార్జి రోజున నర్సమ్మ ఈ మాట ప్రత్యేకంగా చెప్పింది. "ఇది నాకు వద్దు, ఫార్మసిస్టుని పిలవండి" అన్నాను. "ఆయన లేరు. తీసుకుంటే తీసుకోండి, వెనక జనం ఉన్నారు" అన్నాడు. గోడకి ఫ్రేము కట్టిన సర్టిఫికెట్లో ఫొటో ఉంది. ఆ మనిషిని ఆ షాపులో నేనెన్నడూ చూడలేదు. డాక్టరు చీటీ మీద మందులు ఫార్మసిస్టే ఇవ్వాలని 1948 నాటి ఫార్మసీ చట్టమే చెబుతోంది. డబ్బులు తీసుకుని పక్కవాళ్ల ప్రాణాలతో ఆడుకోవడం కాకపోతే ఏమిటిది? సీసా కౌంటర్ మీదే పెట్టి వచ్చేశాను. ఆ పని చేసినందుకు నాకు గర్వంగానే ఉంది.

గుండె డాక్టరుగారి దగ్గర పని నిమిషాల్లో అయిపోయింది. రాత్రిపూట తాగమని లాక్టులోజ్ సిరప్ రాశారు. ఇసబ్‌గోల్ అయినా పర్వాలేదుగానీ నిండు గ్లాసు నీళ్లతో, మిగతా మాత్రలకి రెండు గంటల ఎడం ఇచ్చి వేసుకోమన్నారు. విరేచనాలు పట్టుకున్నా ఐఎన్ఆర్ మారుతుందట, అందుకే వారం తర్వాత టెస్టు చేయించమన్నారు. మొదట్లో కడుపు ఉబ్బరించింది, తర్వాత సాఫీగా అయింది. నిన్న రిపోర్టు వచ్చింది, 2.9.

ఎసిట్రోమ్ గానీ వార్ఫరిన్ గానీ వేసుకునేవాళ్లు షాపువాళ్ల మాట మీద ఏ సిరప్పూ, ఏ నొప్పి మాత్రా కొనకండి, మీ డాక్టర్నే అడగండి. ఐరన్ మాత్రలకి మలం నల్లబడటం మామూలే. తారులా జిగటగా, దుర్వాసనతో వచ్చినా, ఎర్రగా రక్తం పడినా మాత్రం ఆగకుండా ఆస్పత్రికి వెళ్లిపోండి.