స్కిన్లు అమ్ముకోండి, గెలుపు అమ్మకండి

గేమ్ ఫ్రీగా ఇచ్చినప్పుడు సర్వర్లకి, కొత్త మ్యాపులకి డబ్బులు ఎక్కణ్ణుంచో రావాలి కదా, అందుకే స్కిన్లు (పాత్రలకీ తుపాకులకీ వేసే కొత్త వేషాలు), డ్యాన్సులు అమ్ముకుంటే నాకేం ఇబ్బంది లేదు, కొన్నవాడి తుపాకీ మెరుస్తుందే గానీ బుల్లెట్ ఎక్కువ గట్టిగా తగలదు. (గడ్డిలో కలిసిపోయే స్కిన్లు మాత్రం దొంగాటే.) నాకు మండేది లూట్ బాక్సులతో. ఏమొస్తుందో తెలీకుండా డబ్బు కట్టించుకోవడం జూదం కాక ఇంకేంటి, బెల్జియం 2018లోనే ఆ మాట అనేసింది.

ఇంకా గేములో వాడటానికి మన డబ్బుతో కొనే ఈ కాయిన్ల గోల. వస్తువేమో 800 కాయిన్లు, ప్యాకేమో 500 లేదా 1000, మిగిలిన 200 వాడాలంటే మళ్లీ కొనాలి, ఇది లెక్కలు రాక చేసింది కాదండీ, కావాలనే. రేటు మామూలు డబ్బుల్లో చూపించి, పొరపాటున నొక్కితే వెనక్కిస్తే చాలు. ఫోర్ట్‌నైట్ కంపెనీ ఎపిక్ పొరపాటున కొనేలా చేసే ఈ బటన్ల మాయ కేసులోనే 2022లో అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీతో 24.5 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకుంది.