గన్‌పార్కు నుంచి ట్యాంక్‌బండ్ చివరిదాకా విగ్రహాలు చూస్తూ నడక

హైదరాబాదులో నివసించేవారిలో ట్యాంక్‌బండ్ మీది విగ్రహాలను చూడనివారు ఉండరు గానీ, వాటిలో పదింటి పేర్లు తడుముకోకుండా చెప్పగలిగినవారు చాలా అరుదు. ఇది వారి అశ్రద్ధ కాదు. బస్సు కిటికీలోంచో, బండి మీది నుంచో చూసేవారికి ఒక్కొక్క విగ్రహం రెండు మూడు క్షణాలకు మించి కంటికి ఆనదు. పీఠం మీది పేరు చదివేలోపే తరువాతి విగ్రహం వచ్చేస్తుంది. అందుకే ఈ విగ్రహాలను కాలినడకన చూడాలని నేను అందరికీ చెబుతుంటాను. ఎవరిని నిలబెట్టారు, వారికి తోడుగా ఎవరిని నిలబెట్టారు, ఎవరికి చోటు ఇవ్వలేదు అన్న మూడు ప్రశ్నలను మనసులో పెట్టుకొని నడిస్తే, హుస్సేన్‌సాగర్ తీరమంతా ఈ నేల తన గురించి తాను తీసుకున్న నిర్ణయాల చిట్టాలా చదువుకోవచ్చు. గైడు అవసరం లేదు, టికెట్టు అవసరం లేదు. నాలుగైదు కిలోమీటర్లు నిదానంగా నడవగల ఓపిక, ఎండ ముదరకముందే బయలుదేరే క్రమశిక్షణ ఉంటే చాలు.

నడకను ట్యాంక్‌బండ్ దగ్గర కాకుండా శాసనసభ ఎదుట ఉన్న గన్‌పార్కులో మొదలుపెట్టడం మంచిది. అసెంబ్లీ మెట్రో స్టేషనులో దిగితే నాలుగడుగుల దూరమే. అక్కడి అమరవీరుల స్తూపం 1969 నాటి ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలు కోల్పోయినవారి స్మారకం. శిల్పి ఎక్కా యాదగిరిరావు. జూన్ రెండున, ఎన్నికల ముందు, ప్రమాణ స్వీకారాల వేళ నాయకులు పూలమాలలు వేస్తుండగా టీవీలో చూసిన స్తూపమే ఇది. కానీ ఆ దృశ్యాలలో మనుషులే కనబడతారు తప్ప శిల్పం కనబడదు. నిశ్శబ్దంగా ఉన్న ఉదయాన దాని చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. అడుగున ఉన్న నల్లరాతి పీఠానికి చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. అవి తుపాకీ గుండ్ల గుర్తులు; ఆనాటి తెలంగాణలోని తొమ్మిది జిల్లాలను తలపిస్తూ తొమ్మిదేసి చెక్కారు. పైన ఎర్రటి స్తంభం, సాంచీ స్తూపపు తోరణాన్ని గుర్తుచేసే మలుపులు, ధర్మచక్రం, అన్నిటికీ పైన తొమ్మిది రేకుల తెల్లని పువ్వు. ఇందులో ఒక్క మనిషి రూపం కూడా లేదు. మరణించినవారిలో ఎక్కువమంది పేరు తెలియని యువకులు కనుక ఏ ఒక్కరి ముఖమో పెట్టడం న్యాయం కాదని శిల్పి భావించి ఉంటారని నాకనిపిస్తుంది. గుండు తగిలిన చోటును వేలితో తడిమి చూడగలిగేంత దగ్గరగా ఉంచిన ఈ శిల్పమే, నా దృష్టిలో, ఈ నడక మొత్తంలో అత్యుత్తమమైనది.

అక్కడి నుంచి రవీంద్రభారతి మీదుగా, ఇక్బాల్ మినార్ కూడలి దాటి సచివాలయం వైపు సాగాలి. ఈ దారిలో వాహనాల రద్దీ తప్ప ఆగి చూడవలసింది పెద్దగా లేదు. సచివాలయ ప్రాంగణంలో 2024 డిసెంబరు 9న ఆవిష్కరించిన తెలంగాణ తల్లి విగ్రహం ఉంది. కిరీటం లేకుండా, ఆకుపచ్చ చీరలో, ఎడమ చేత జొన్న, మొక్కజొన్న, సజ్జ కంకులతో నిలిచిన ఈ రూపానికీ, అంతకుముందు ఉద్యమకాలంలో ఊరూరా వెలసిన కిరీటం, బతుకమ్మ ఉన్న రూపానికీ మధ్య జరిగిన వాదం పాఠకులకు తెలిసినదే. ఆ వాదంలోకి నేను వెళ్లను. ఒక తల్లి తలమీద కిరీటం ఉండాలా వద్దా అని ఇంతమంది పట్టుదలగా మాట్లాడారంటే, బహిరంగ శిల్పాన్ని మనవాళ్లు అలంకారంగా భావించడం లేదని మాత్రం తెలుస్తుంది.

సచివాలయానికి ఎదురుగా, లుంబినీ పార్కు పక్కన, 2023 జూన్ 22న ప్రారంభించిన కొత్త అమరవీరుల స్మారకం ఉంది. స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన పెద్ద ప్రమిద, దానిలో వెలుగుతున్న జ్యోతి, రూపకర్త ఎం.వి. రమణారెడ్డి. ప్రమిద ఒంటి మీద అతుకు కనబడదు, చుట్టూ ఉన్న ఆకాశం, చెట్లు, వాహనాలు అన్నీ దానిలో వంగి ప్రతిఫలిస్తాయి. ఇంజనీరింగ్ పరంగా ఇది నిస్సందేహంగా గొప్ప పని. కానీ గన్‌పార్కు నుంచి నేరుగా ఇక్కడికి నడిచివచ్చినవారికి ఒక తేడా స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ శోకం చేతికి అందేంత దగ్గరగా ఉంది. ఇక్కడ తల ఎత్తి చూడవలసినంత పెద్దదైంది. ఒకటి రాష్ట్రం రాకముందు, అధికారం ఆదరించని కాలంలో పుట్టిన స్మారకం. రెండవది రాష్ట్రం వచ్చాక ప్రభుత్వమే నిర్మించినది.

ఎత్తు గురించి మాట్లాడుతున్నాం కనుక అంబేడ్కర్ విగ్రహం ప్రస్తావన ఇక్కడే తేవాలి. 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన ఈ విగ్రహం 125 అడుగులు, పార్లమెంటు భవనాన్ని పోలిన 50 అడుగుల పీఠం మీద నిలిచింది. శిల్పి రామ్ వి. సుతార్. అంబేడ్కర్ 125వ జయంతికి గుర్తుగా ఆ కొలతను ఎంచుకున్నారు. ఈ మహాశిల్పాన్ని దూరం నుంచి చూసినప్పుడే నిండుగా కనబడుతుంది; పాదాల దగ్గరికి వెళితే ముఖం అందదు. ఇది లోపమని నేను అనను, ఇంత పెద్ద విగ్రహం స్వభావమే అది. అయితే లిబర్టీ వైపు, ట్యాంక్‌బండ్ మొదట్లో, సాధారణ ప్రమాణంలోని పాత అంబేడ్కర్ విగ్రహం ఒకటి ఉంది. దాన్ని కూడా తప్పక చూడండి. ఎన్నో ఏళ్లుగా ఏప్రిల్ 14న జనం పిల్లాపాపలతో వచ్చి మాల వేసి, నీలి జెండాలు పట్టుకొని నిలబడినది ఆ విగ్రహం ముందే.

ఇక ట్యాంక్‌బండ్. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 16వ శతాబ్దంలో కట్టిన చెరువు కట్ట ఇది. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1986లో దీని మీద 33 మంది ప్రముఖుల విగ్రహాలను ప్రతిష్ఠించారు. శాతవాహన రాజు మొదలుకొని అప్పటికి మూడేళ్ల క్రితమే మరణించిన శ్రీశ్రీ వరకు, సుమారు రెండు వేల ఏళ్ల చరిత్ర ఆ వరుసలో ఉంది.

ఇక్కడ నిదానించి చూడవలసినది ముఖాలను. శ్రీశ్రీ, జాషువా, సురవరం ప్రతాపరెడ్డి, గురజాడ వంటివారికి ఫొటోలు ఉన్నాయి కనుక శిల్పికి ఆధారం దొరికింది. కృష్ణదేవరాయలకు అంతకంటే అరుదైన ఆధారం ఉంది. తిరుమల ఆలయంలో తిరుమలదేవి, చిన్నాదేవిల మధ్య, తలపై పొడవైన కుళ్లాయితో చేతులు జోడించి నిలిచిన ఆయన లోహ విగ్రహం ఆయన కాలానిదే. మరి నన్నయ ఎలా ఉండేవాడు? తిక్కన? మొల్ల? వారి రూపం చూసినవారు రాసిపెట్టిన వర్ణనలు లేవు, చిత్రాలు లేవు. శిల్పికి ఉన్నది పద్యం ఒక్కటే. అందుకే ఇటువంటివారి విగ్రహాలలో ముఖం కంటే చేతులు, కట్టుబొట్టు ఎక్కువ మాట్లాడతాయి. కవి అంటే తాటాకులు, గంటం, వాగ్గేయకారుడంటే తంబుర, వీరుడంటే ఆయుధం అన్న సంప్రదాయం మన శిల్పులకు ఎంత అక్కరకు వచ్చిందో ఒకదాని తరువాత ఒకటి చూస్తూ వెళితే అర్థమవుతుంది. ముఖం కల్పితమైనా మనకు పరాయిగా అనిపించదు, ఎందుకంటే బడిలో పాఠ్యపుస్తకాల బొమ్మలు చూసి పెరిగిన మనకూ వారి గురించి ఉన్నది కల్పనే.

ఈ వరుసలో నాకు అన్నింటికంటే ఇష్టమైనది గోల్కొండ చివరి సుల్తాను తానీషాను, రామదాసును, సిద్ధేంద్రయోగిని ఒకే కట్ట మీద చూడగలగడం. భద్రాచలం గుడి కోసం ప్రభుత్వ ధనం ఖర్చు చేశాడని కంచెర్ల గోపన్నను చెరలో పెట్టించినది తానీషా. కూచిపూడి భాగవతులకు ఆ గ్రామాన్ని అగ్రహారంగా ఇచ్చినదీ ఆయనే అని సంప్రదాయం చెబుతుంది. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాక ఆ సుల్తాను తానే దౌలతాబాదు కోటలో బందీ అయ్యాడు. చెర పెట్టినవాడు, చెరలో కూర్చొని కీర్తనలు కట్టినవాడు, ఆ సుల్తాను ఆదరించిన నాట్యానికి మూలపురుషుడు, ముగ్గురినీ గౌరవించి నిలబెట్టిన ఆలోచన ఎవరిదైనా సరే, వారికి చరిత్ర బాగా తెలుసు.

ఈ పట్టిక ఎంత విశాలమైనదో మరికొన్ని పేర్లు చూస్తే తెలుస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి చేసిన ఆర్థర్ కాటన్ ఇక్కడ ఉన్నాడు. 1908 మూసీ వరదల నాటి పాలకుడైన ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఉన్నాడు. ఉర్దూలో రాసి, తెలంగాణ రైతాంగ పోరాటంలో నిలిచిన మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నాడు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవుల రచనలతో సంచిక వెలువరించిన సురవరం ప్రతాపరెడ్డి ఉన్నారు. తరువాతి కాలంలో కొమురం భీం విగ్రహం చేరింది. అంటే పట్టిక మూసివేసినది కాదు.

ఆ పట్టిక అందరికీ సమ్మతమూ కాలేదు. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ రోజున పలు విగ్రహాలను పడగొట్టారు, కొన్నింటిని సాగరంలోకి తోశారు. తెలంగాణవారికి ఈ వరుసలో తగిన చోటు దక్కలేదన్న బాధ అందులో ఉంది. ఆ బాధ న్యాయమైనదని నేను నమ్ముతాను. కవుల విగ్రహాలు నేలకూలడం చూసి కలిగిన దుఃఖమూ అంతే నిజమైనది. తరువాత వాటిని మళ్లీ ప్రతిష్ఠించారు.

విచిత్రంగా, అదే తేదీన ఈ సాగరం అంతకుముందొక విషాదాన్ని చూసింది. 1990 మార్చి 10న, రాయగిరి దగ్గరి ఏకశిలలో గణపతి స్థపతి ఆధ్వర్యంలో మలిచిన 58 అడుగుల బుద్ధ విగ్రహాన్ని పంటు మీద సాగరం మధ్యకు తరలిస్తుండగా అది నీళ్లలోకి జారిపోయింది. పదిమంది ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్లకు పైగా అడుగున పడివున్న విగ్రహాన్ని చెక్కుచెదరకుండా పైకి తీసి 1992 డిసెంబరు 1న నిలబెట్టారు. వందల టన్నుల రాయి బురదలోంచి లేచి మళ్లీ నిటారుగా నిలబడిన కథ పిల్లలకు తప్పక చెప్పాలి, అయితే ఆ పదిమంది కార్మికులను కూడా కలిపి చెప్పాలి. లుంబినీ పార్కు నుంచి పడవలు పొద్దెక్కాక గానీ బయలుదేరవు కనుక దగ్గరగా చూడదలచినవారు దీన్ని చివరికి ఉంచుకోవాలి.

వినాయక నిమజ్జనం రోజుల్లో మాత్రం ఈ నడక పెట్టుకోవద్దు. కట్టంతా క్రేన్లు, బారికేడ్లతో నిండిపోతుంది. మామూలు రోజుల్లో ఉదయం ఆరింటికి మొదలుపెట్టి, ప్రతి పీఠం దగ్గరా ఆగి పేరు పైకి చదువుతూ వెళ్లండి. పిల్లలు వెంట ఉంటే వారితోనే చదివించండి.

అలా చదువుతూ వెళ్లినవారికి ఒక విషయం తప్పక తడుతుంది. 1986లో పెట్టిన ఆ 33 మందిలో స్త్రీలు ఇద్దరే, రుద్రమదేవి, మొల్ల. కొత్తగా చేర్చే అవకాశమే వస్తే నా కోరిక ఇది. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో కావ్యం రాసిన ముద్దుపళనిని వీరేశలింగం గారికి దగ్గరలో నిలబెట్టాలి. ఆమె కవిత్వాన్ని ఆయన తీవ్రంగా నిందించారు. ఆ కావ్యాన్ని 1910లో పూర్తి పాఠంతో మళ్లీ అచ్చు వేయించిన బెంగళూరు నాగరత్నమ్మను త్యాగరాజు పక్కన నిలబెట్టాలి. ఆమె అచ్చు వేయించిన పుస్తకాన్ని ప్రభుత్వం నిషేధించింది; ఆ నిషేధం టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానమంత్రిగా ఉన్నప్పుడు గానీ తొలగలేదు. తిరువైయారులో త్యాగరాజ సమాధికి గుడి కట్టించినదీ నాగరత్నమ్మే. తానీషాకూ రామదాసుకూ కలిపి చోటిచ్చిన కట్ట మీద వీరేశలింగానికీ ముద్దుపళనికీ చోటు చాలదని ఎవరూ అనలేరు.