అరువిచ్చిన గుర్రం, రాసుకోని కాగితం

నా గుర్రం చుక్కను కొన్నప్పుడు నా చేతికి వచ్చిన కాగితం అరచేయంత ఉంటుంది. ‘నుదుట చుక్క ఉన్న ఎర్ర ఆడగుర్రం ఒకటి, పూర్తి సొమ్ము ముట్టింది’ అని ఒక వాక్యం, కింద సంతకం. నుదుట చుక్క ఉన్న ఎర్ర గుర్రాలు ఎన్ని లేవు! ఆ కాగితం పట్టుకుని నేను ఏ లాయంలోకి వెళ్ళినా ఏదో ఒక గుర్రాన్ని నాదేనని దబాయించవచ్చు. నా గుర్రాన్ని ఇంకొకరు అలాగే దబాయించి తోలుకుపోనూవచ్చు. ఆ రోజు నేను కాగితం వైపు చూస్తే కదా, దాని చెవుల వైపే చూస్తూ ఉండిపోయాను.

మొదటిసారి చూడడానికి వెళ్ళేసరికి అది జీనుతో, చెమటతో సిద్ధంగా ఉంది. “మీకు శ్రమ లేకుండా ముందే కాస్త తిప్పి ఉంచామండీ” అన్నాడు అమ్మేవాడు. ఎంత మర్యాదస్థుడో అనుకున్నాను. బిగుసుకుపోయిన కీళ్ళు నడిచేకొద్దీ సాగుతాయని, ఉరుకుతనం కూడా అలసటలో దాగిపోతుందని తరువాత తెలిసింది. గుర్రాన్ని లాయంలో, ఒళ్ళు చల్లగా ఉన్నప్పుడు, జీను లేకుండా చూడాలి. నేను పిలిపించిన పశువైద్యుడు ఒక్కో కాలూ మడిచి పట్టుకుని, వదిలీవదలగానే పరుగెత్తించి చూశాడు. ఫరవాలేదన్నాడు. రక్తం కూడా తీసి భద్రపరచమంటారా అని అడిగాడు. అమ్మేవాడి ఎదుట ఆ మాట వినడానికే నాకు సిగ్గేసి, వద్దన్నాను.

పన్నెండో రోజున ఎడమ ముందుకాలు కుంటడం మొదలైంది. ఫినైల్‌బ్యూటజోన్ లాంటి నొప్పి మందు పడితే కుంటు కొన్నాళ్ళు బయటపడదు. మందు పడిందో లేదో చెప్పగలిగింది ఆ రోజు తీయించని రక్తం ఒక్కటే. అందుకే నేను ఎవరినీ ఏమీ అనలేదు. అనుమానం మాత్రం పోలేదు. ‘చిన్నపిల్లలు కూడా ఎక్కవచ్చు, ఒక్కనాడూ కుంటలేదు’ అన్న మాటలు గాలిలో అన్నవే, కాగితంలో లేవు.

పశువులు అమ్మేవాళ్ళు వాటి రోగాలూ లోపాలూ ముందే చెప్పి తీరాలని ప్రాచీన రోమ్‌లో సంతల మీద అధికారం ఉన్నవాళ్ళే శాసనం చేశారు. చెప్పని లోపం బయటపడితే ఆరు నెలల్లోపు పశువును తిరిగి ఇచ్చేయవచ్చు, ఏడాదిలోపు ధర తగ్గించమని అడగవచ్చు. అమ్మినవాడు నాకూ తెలియదంటే కూడా చెల్లేది కాదు. అంటే గుర్రాల బేరం నాటికీ నేటికీ పెద్దగా మారలేదన్నమాట. ఇప్పుడైతే నేను గుర్రం చర్మం కింద పెట్టే చిప్ పదిహేను అంకెల నంబరు రాయించుకుంటాను. ఒంటి మీద సుడులు ఎక్కడెక్కడ ఉన్నాయో బొమ్మ గీయించుకుంటాను, ఎందుకంటే రెండు గుర్రాల సుడులు ఒకేలా ఉండడం అరుదు. గుంజ కొరకడం, గాలి మింగడం లాంటి దురలవాట్లు ఉన్నాయా, ఇదివరకు కడుపుశూల వచ్చిందా అన్నవాటికి అమ్మేవాడి చేతిరాతతోనే జవాబులు ఉండాలి. ఏ పనికి కొంటున్నానో కూడా రాయాలి. నెమ్మదిగా నడిపించుకోవడానికి సరిపోయే గుర్రం అడ్డంకులు దూకడానికి పనికిరాకపోవచ్చు. పని పేరు లేకపోతే ‘బాగుంది’ అనే మాటకు అర్థమే లేదు. ఇక గుర్తింపు పుస్తకం మన చేతికొస్తే గుర్రం మనదైపోయినట్టే అనుకుంటారు చాలామంది. అది గుర్రం ఎవరో చెబుతుంది, యజమాని ఎవరో తేల్చదు.

చుక్కను వేరొకరి లాయంలో పెట్టినప్పుడు గొడవంతా గడ్డి దగ్గరే వచ్చింది. ఒప్పందంలో ‘రోజూ సరిపడా గడ్డి’ అని ఉంది. సరిపడా అంటే ఎవరికి? ఐదు వందల కిలోల గుర్రానికి రోజుకు ఎనిమిది నుంచి పది కిలోల ఎండుగడ్డి కావాలి. మొదట్లో రెండు చేతులా మోసుకొచ్చిన కట్ట నెలలు గడిచేకొద్దీ ఒంటిచేతి కట్ట అయింది. ఒకరోజు సంచిలో కొక్కెం త్రాసు పెట్టుకుని వెళ్ళి తూచాను. నాలుగున్నర కిలోలు! లాయం యజమానికి కోపం వచ్చింది, నాకూ వచ్చింది, త్రాసుకు మాత్రం రాలేదు. కొత్త కాగితంలో కిలోలు రాసుకున్నాం, రోజుకు ఎన్ని గంటలు బయట మేతకు వదలాలో రాసుకున్నాం. బకాయి పడితే గుర్రాన్ని ఆపి ఉంచే హక్కు తనకు ఉండాలని ఆయన పట్టుబట్టాడు. ఆపి ఉంచిన రోజులకూ మేత పెట్టాల్సిందేనని నేను ఇంకో వాక్యం చేర్చాను. గుడ్డి గుర్రమైనా దాణా తప్పదు కదా.

ఆ తరువాత నా మోకాలికి ఆపరేషన్ అయింది. చుక్కను ఎక్కేవాళ్ళు లేక, స్వారీ నేర్చుకుంటున్న ఒక అమ్మాయికి అరువిచ్చాను. యాజమాన్యం నాదే, పోషణ వాళ్ళది. ఆ అమ్మాయి తండ్రి నెమ్మదైన మనిషి. కాగితం మాట ఎత్తితే నొచ్చుకుంటాడేమోనని నేను ఎత్తలేదు, నేను నొచ్చుకుంటానేమోనని ఆయనా ఎత్తలేదట. ఎరువు సొమ్ము బరువు చేటు అన్నారు పెద్దలు. ఆ బరువు తీసుకున్నవాళ్ళ మీదే పడుతుందని అనుకునేదాన్ని.

ఒక రాత్రి చుక్కకు కడుపుశూల వచ్చింది. నేలమీద దొర్లుతోంది, లేస్తోంది, పక్కలు చూసుకుంటోంది. గుర్రానికి వాంతి కాదు. లోపల చేరినది పైకి వచ్చే దారే లేదు కాబట్టి ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి తీయాలి. వచ్చిన వైద్యుడు గొట్టం వేశాడు, పేగులు పరీక్షించాడు. “ఇంకో రెండు గంటల్లో సర్దుకోకపోతే కోయాలి. లేదంటే బాధ లేకుండా పంపించేయాలి. ఎవరు చెబుతారు?” అన్నాడు. నేను రైల్లో ఉన్నాను, ఫోను అందలేదు. ఆ అమ్మాయి తండ్రి పదకొండుసార్లు చేశాడు. కోయమంటే ఆ ఖర్చు ఎవరిది? వద్దంటే, పొద్దున్నే నాకు ఏమని చెప్పాలి? పరాయి ప్రాణం మీద మాట చెప్పలేక ఆయన లాయం గుమ్మంలో కూర్చుండిపోయాడట. తెల్లవారుజామున పేగు తనంతట తానే సర్దుకుంది, చుక్క పేడ వేసింది. పేడ వేసిందన్న కబురుకు నేను ఏడ్చాను.

ఆ వారాంతంలో ఇద్దరం కూర్చుని రాసుకున్నాం. గంటలోపు నేను దొరకకపోతే నిర్ణయం ఆయనది. ఖర్చు ఎంతవరకో అంకె వేశాం, అది నేను భరిస్తాను. చుక్క వయసుకు ఆపరేషన్ వద్దని వైద్యుడు అంటే ఆయన తలూపవచ్చు, నేను తరువాత ప్రశ్నించను. ఈ చివరి వాక్యం రాయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. మిగతావి చకచకా అయిపోయాయి. ఆరు వారాలకోసారి గిట్టలు చెక్కించి లాడాలు వేయించడం, ఎక్కేది ఆ అమ్మాయి ఒక్కతే కావడం, మనిషీ జీనూ కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకపోవడం, నేను ఇచ్చిన జీను, కళ్ళెం, దుప్పటి జాబితా, తేదీతో నాలుగు వైపుల ఫోటోలు. ‘కొన్నాళ్ళ తరువాత కావాలంటే కొనుక్కోవచ్చు’ అని నేను నోరు జారిన మాటను తీసేశాం. కొంటారా, ఎప్పుడు, ఎంతకు అన్నది తేలకుండా అది ఇద్దరినీ పీడించేది.

గుర్రాన్ని వెనక్కి తీసుకోవాలంటే నెల ముందు చెబుతానని రాశాను. ఆయన కలం తీసుకుని, దాని కింద తన చేత్తో ఒక్క వరుస చేర్చాడు: ‘అమ్మాయి పరీక్షల రోజుల్లో తీసుకెళ్ళకూడదు.’ అన్ని షరతులూ నావైపు నుంచే ఆలోచిస్తూ వచ్చిన నాకు, ఆ పిల్ల రోజూ సాయంత్రం ఎవరి మెడ పట్టుకుని నిలబడుతుందో అప్పుడు గుర్తొచ్చింది. సంతకం చేశాను.