మాలోలుడి కొండ మీద మా అబ్బాయి పేరు

మా అబ్బాయి మఖ నక్షత్రం మొదటి పాదంలో పుట్టాడు కనుక పేరు ‘మా’ అక్షరంతో మొదలు కావాలని పెద్దలు చెప్పారు. మాధవ, మారుతి, మానస్ వంటి పేర్లన్నీ బంధువుల ఇళ్లలో ఇప్పటికే పిలుపులో ఉన్నాయి. నాకూ నా భార్యకూ ఎక్కడా వినపడని పేరు పెట్టాలని ఉండేది. అయితే కొత్తగా ఉండాలన్న ఒక్క కారణంతో అక్షరాలను అటూ ఇటూ మార్చి, అర్థం లేని పేరొకటి కూర్చడం నాకు ఇష్టం లేదు. రేపు ఎవరైనా ‘ఇదేం పేరు?’ అని అడిగితే, వాడు చెప్పుకోవడానికి ఒక ఊరో, ఒక కథో, ఒక దేవుడో ఆ పేరు వెనుక ఉండాలన్నది నా పట్టుదల. బారసాల మూడో నెలకు పెట్టుకున్నాం. పురుడు వెళ్లాక, తల్లీబిడ్డలు మా అత్తవారింట్లో ఉండగా, నాన్నగారూ నేనూ మా ఇలవేల్పు నరసింహస్వామి కొలువైన అహోబిలానికి బయలుదేరాం.

నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ దాటి నల్లమల వైపు మళ్లాక నాన్నగారు తన చిన్ననాటి సంగతులు మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ఏ ఊరికి వెళ్లినా ఓబులేసు, ఓబులమ్మ, చెంచయ్య, నరసింహులు అని పిలిస్తే పలికేవాళ్లు పదిమంది ఉండేవారట. అహోబిలేశుడే జనం నోట ఓబులేసు అయ్యాడు. బయటివాళ్లకు వింతగా తోచే ఆ పేరు ఈ నేల మీద ఎవరికీ వింత కాదు. నాకు కావలసింది అలాంటి పేరేనని అప్పుడే అనిపించింది.

దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరదుడి సన్నిధిలో అర్చన చేయించాం. అర్చకస్వామి గోత్రం, నక్షత్రం అడిగి, పేరు దగ్గర ఆగారు. “ఇంకా పెట్టలేదు స్వామీ” అని నాన్నగారు చేతులు జోడించి చెప్పగానే, ఆయన ఏమాత్రం తడుముకోకుండా శిశువు అని చెప్పి సంకల్పం పూర్తి చేశారు. ఆ తర్వాత మండపంలో కూర్చుని, నాన్నగారు అలవాటుగా ఈ క్షేత్రంలో వెలసిన తొమ్మిది నరసింహ రూపాల, అంటే నవనారసింహుల, పేర్లు తలచుకున్నారు: జ్వాల, అహోబిల, మాలోల, క్రోడ, కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట, పావన. వాటిని పసివాడికి పెట్టే పేర్లుగా నేను ఆ రోజు మొదటిసారి విన్నాను. భార్గవ అందరూ పెట్టుకుంటున్నదే. జ్వాల, పావన ఆడపిల్లల పేర్లుగా స్థిరపడిపోయాయి. కానుగ చెట్టు కింద వెలసిన కారంజ నరసింహుడి పేరు నాకు ఎంతో నచ్చింది కానీ అక్షరం కుదరదు. యోగానంద అంటే పసివాడికన్నా ముందు కాషాయం కట్టిన స్వామి కళ్ల ముందుకు వస్తారు. మాలోల దగ్గరకు వచ్చేసరికి ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అక్షరం కుదిరింది. పైగా మఖ సింహరాశిలోని నక్షత్రం. నరసింహుడి పేరు పెట్టడానికి నాన్నగారికి అంతకన్నా గట్టి కారణం అక్కర్లేకపోయింది.

మర్నాడు ఉదయం ఎగువ అహోబిలంలో స్వామిని దర్శించుకుని, చేతికర్రలు తీసుకుని నడక మొదలుపెట్టాం. భవనాశిని ఒడ్డున క్రోడ నరసింహుణ్ణి సేవించుకున్నాక దారి నిటారుగా మారుతుంది. మాలోల సన్నిధి ఎగువ గుడికి సుమారు 2 కిలోమీటర్ల దూరమే అయినా, రాళ్ల మీద అడుగు చూసుకుని వేయాలి. డోలీ మాట్లాడతానంటే నాన్నగారు ఒప్పుకోలేదు. మనవడి పేరు కోసం నడిచే వెళ్తానన్నారు. చెమటకు తడిసిన ఆయన చేయి నా భుజం మీద బరువుగా ఆనుతూ, మెట్టు మెట్టుకూ వేళ్లు బిగుస్తూ ఉండటం నాకు ఇప్పటికీ తెలుస్తూనే ఉంది.

హిరణ్యకశిపుణ్ణి చీల్చిన ఉగ్రరూపం గురించి దారిపొడవునా విని వచ్చినవాళ్లకు, మాలోల సన్నిధిలో కనిపించేది లక్ష్మీదేవితో కూడిన శాంతమూర్తి. మా అంటే లక్ష్మి. ఆమె యందు మనసు లగ్నమైనవాడు మాలోలుడు. హారతి వెలుగులో ఆ ముఖం చూశాక నాలో మిగిలిన కాస్త సందేహమూ పోయింది. ఇక్కడ వెలసిన మాలోలుడి ఉత్సవమూర్తిని అహోబిల మఠం పీఠాధిపతులైన జీయర్లు 600 ఏళ్లకు పైగా తమ వెంట తీసుకువెళ్తూ, వెళ్లిన ప్రతిచోటా ఆరాధిస్తున్నారని అర్చకస్వామి చెప్పారు. కొండ మీది దేవుడే తన పేరుతో ఊరూరా తిరుగుతున్నాడని విన్నప్పుడు, మా వాడు చదువుకో ఉద్యోగానికో ఏ దూరదేశం వెళ్లినా ఈ పేరు వాడికి తోడుంటుందని నాకు గట్టిగా అనిపించింది. ఈసారి సంకల్పంలో అర్చకస్వామి బిడ్డ పేరు అడిగినప్పుడు నాన్నగారు గొంతెత్తి “మాలోల” అన్నారు.

కిందికి దిగి సిగ్నల్ దొరికాక నా భార్యకు ఫోన్ చేశాను. “ఆడపిల్ల పేరులా లేదూ?” అని ఆమె మొదట సందేహించింది. మా పెదనాన్నగారు ఇంకాస్త గట్టిగా అభ్యంతరం చెప్పారు: “లోలుడు అంటే జనానికి స్త్రీలోలుడే గుర్తొస్తాడు, వాణ్ణి ఏడిపిస్తారురా.” అది తీసిపారేయవలసిన మాట కాదు, బళ్లో పిల్లలు పేర్లతో ఎంత బాధపెట్టగలరో నాకు తెలుసు. కానీ మాధవలో ఉన్న లక్ష్మే ఇందులోనూ ఉందని, మాధవను ఎవరూ వేళాకోళం చేయరని ఆయనకు నచ్చజెప్పాను. నా భార్య మాత్రం వాదించలేదు. ఉయ్యాల దగ్గర కూర్చుని రెండు రోజుల పాటు బిడ్డను ఆ పేరుతోనే పిలిచి చూస్తానంది. పిలిచి చూశాక, నోరు తిరుగుతోందని, ముద్దుగా ‘మాలూ’ అనడానికీ వీలుగా ఉందని తానే ఫోన్ చేసి చెప్పింది.

పుట్టినప్పుడు జననాన్ని పేరు లేకుండానే నమోదు చేయించాం. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం అందుకు వీలిస్తుంది. 12 నెలల లోపు పేరు చేర్పిస్తే రుసుము కూడా ఉండదు. అయినా 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్లకు బడిలో చేరడం నుంచి పాస్‌పోర్టు వరకు జనన ధ్రువపత్రమే ఆధారం కనుక, బారసాల అయిన వారంలోనే దరఖాస్తు ఇచ్చాం. వెనుక కుమార్ అనో సాయి అనో తగిలించమని కొందరు సూచించారు కానీ మేం చేర్చలేదు. ఇంటిపేరు తర్వాత మాలోల అని మాత్రమే రాయించాం.