ఆల్బమ్‌లో పచ్చజిగురు పట్టిన నాణేలు, గంటస్తంభం దగ్గరి పెద్దాయన చలవ

మా మావయ్య దాచిన పాత నాణేల ఆల్బమ్ శుభ్రం చేయడం నిన్నటితో పూర్తయింది. అవి ఈ మాత్రం దక్కాయంటే విజయనగరం గంటస్తంభం దగ్గర నాణేలు అమ్మిన పెద్దాయన చలవే. ఆయన ఇప్పుడు లేరు. ఆయన నేర్పిన పద్ధతి మాత్రం పొల్లుపోకుండా పనిచేసింది.

వెండివేవో వేరు చేయడం తేలికే. 1939 దాకా వచ్చిన రూపాయి 11.66 గ్రాములు, 91.7 శాతం వెండి. 1940 నుంచి 1945 వరకూ సగమే వెండి. 1947ది నికెల్, అయస్కాంతానికి అంటుకుంటుంది.

చుక్కలు చూపించింది పచ్చజిగురు. ఆ ఆల్బమ్ పేజీలు పీవీసీ అనే ప్లాస్టిక్‌వి. ఏళ్లు గడిచేకొద్దీ పీవీసీని మెత్తబరచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం బయటికి ఊరుతుంది, ఆమ్లం కూడా పుడుతుంది. అది రాగితో కలిసి నాణెం మీద పచ్చగా, వేలికి అంటుకునేలా పేరుకుంటుంది. వెండి రూపాయిలోనూ రాగి ఉంటుంది కాబట్టి దాన్నీ వదలదు. ఇలాంటి ఆల్బమ్‌లు ఇప్పటికీ అమ్ముతున్నారు, అదే నా కోపం. తెరవగానే కొత్త రెయిన్‌కోటు వాసన వస్తే కొనకండి.

చింతపండు పెట్టి తోమమని సలహా ఇచ్చేవాళ్లు వీధికొకరు. పెద్దాయన మాట ఒకటే: "తోమకు బాబూ. తోమితే వెండి మిగుల్తాది, నాణెం పోతాది."

జిగురు వదలడానికి కావలసింది స్వచ్ఛమైన అసిటోన్ అనే ద్రావకం. నెయిల్‌పాలిష్ రిమూవర్ పనికిరాదు, అందులో నూనె, సెంటు ఉంటాయి. మూత ఉన్న గాజుగిన్నె తీసుకోండి, కొన్ని ప్లాస్టిక్‌లు అసిటోన్‌లో కరిగిపోతాయి. కిటికీ తీసి ఉంచాలి, దగ్గర్లో పొయ్యి వెలగకూడదు. నాణేన్ని అరగంట నానబెట్టి, దూదిపుల్లను దాని మీద దొర్లించాలి తప్ప రుద్దకూడదు. దూదికి పచ్చరంగు అంటినంతసేపూ అసిటోన్ మారుస్తూ ఉండాలి. చివర్లో ఒకసారి కొత్త అసిటోన్‌లో ముంచి, గుడ్డ తగిలించకుండా ఆరనివ్వాలి. జిగురు కింద లోహం అప్పటికే తినేసి ఉంటే ఆ గుంటలు పోవు.

రాగి కానీల మీద లేతపచ్చ పొడి రాలుతుంటే అది వేరే జబ్బు, ఉప్పు వల్ల వచ్చేది. అసిటోన్‌కి లొంగదు. వాటిని వెంటనే వేరే డబ్బాలో పెట్టండి.

వెండి కొట్టుకి మాత్రం శుభ్రం చేయకముందూ వెళ్లొద్దు, చేశాకా వెళ్లొద్దు. ఒక కొట్లో అడగనైనా అడక్కుండా రూపాయి అంచు మీద ఆకురాయి పెట్టి గీకేశారు. ఆపైన తూకం, తరుగు! నలుగురిలో నిలబెట్టి, ఇది పాత సామానే కదా అన్నారు. తల కొట్టేసినట్టయింది. మనిషికీ మనిషికీ ఎంత తేడా! ఇదే ఆల్బమ్ అమ్మజూపినప్పుడు పెద్దాయన వెండి ధరకి కొనేసుకోవచ్చు. అలా చేయలేదు. 1911 నాటి ఐదో జార్జి రూపాయి విడిగా తీసి, భూతద్దం నా చేతికిచ్చారు. రాజు అంగీ మీద ఏనుగు బొమ్మకి తొండం పొట్టిగా, కాళ్లు కురచగా ఉండి పందిలా కనబడుతుంది. జనం అభ్యంతరపెడితే వెనక్కి తీసుకున్నారు, 1912 నుంచి బొమ్మ మార్చారు. అందుకే దీనికి ధర ఎక్కువ. "ఇది నాకు అమ్మకు, ఇంట్లో ఉంచు" అన్నారు. ఏ వ్యాపారి అంటాడు ఆ మాట?

ఇప్పుడు అన్నీ మైలార్ అనే, పీవీసీ కాని ప్లాస్టిక్ కవర్లలోకి మారాయి, న్యూస్‌పేపర్ ముక్క ఒక్కటీ లేదు. మన వైపు సముద్రపు గాలి ఉంది కాబట్టి డబ్బాలో తేమ పీల్చే, రంగు మారే రకం సిలికాజెల్ తప్పనిసరి. దాని రంగు మారగానే పొట్లం మార్చేయాలి.